ఠాణాకును మనకును నడుమ



ఇప్పుడే పంచాంగశ్రవణము వింటిమి. ఏ రాశికి ఎంత ఆదాయమో, ఎంత వ్యయమో పంతులుగారు చదివి వినిపించిరి. అందులో చేరని వ్యయమొకటి మన యిండ్లలో ఉన్నది. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన జవానుకు ఇచ్చునది, పోయిన సైకిలుకు ఫిర్యాదు వ్రాయించుటకు ఇచ్చునది. దానిని మనము లంచమనము, మామూలు అందుము. మామూలనగా వాడుక. ఆ పేరు పెట్టినవాడెవడో గాని గడుసువాడు.

ఈ రోగము నిన్నటిది కాదు. 1902లో ఫ్రేజరుదొర అధ్యక్షతను ఏర్పడిన పోలీసు కమిషనే, ఈ శాఖలో లంచగొండితనమును ప్రజాపీడనమును ప్రబలియున్నవని తేల్చినది. ఆ శాఖకు పునాది 1861 నాటి చట్టము. 1857 తిరుగుబాటు చెలరేగిన నాలుగేండ్లకు దొరలు తమ ప్రభుత్వమును కాపాడుకొనుటకు చేసికొన్నది. పోలీసు ప్రజలకు కాక పైవారికి జవాబుదారి యగుట అప్పటి అలవాటే.

బదిలీ యన్న మాట మన రైల్వేవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఎవరి నోటిమాటతో ఏ రాత్రి పెట్టె సర్దుకొనవలెనో తెలియని ఠాణా అధికారి, చట్టమునకు వెరచునా, బదిలీ చేయించగలవానికి వెరచునా? పోలీసు శాఖలో పెద్ద పదవులు చేసి విశ్రాంతి తీసికొన్న ప్రకాశ్ సింగ్‌గారు ఈ సంగతిమీదనే 1996లో సుప్రీంకోర్టుకు పోయిరి. పదేండ్లకు, 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చినది. ఠాణా అధికారికి కనీసము రెండేండ్లు ఒకచోట పనిచేయు భద్రత, నేరపరిశోధనను శాంతిభద్రతల పనినుండి వేరుచేయుట, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు ప్రత్యేకాధికార సంఘము మొదలగు ఏడు ఆదేశము లందున్నవి. కాగితముపై చాల రాష్ట్రములు తలయూపినవి గాని ఆచరణ కుంటుచునే యున్నది.

అది ఢిల్లీలో, భువనేశ్వరములో జరుగవలసిన పని. ఈ ఖుర్దారోడ్డులో మనచేత నగునది వేరొకటి కలదు. బి.ఎన్.ఆర్. నాటినుండి మనవారు ఇక్కడ కాపురమున్నారు. మన ఒరియా బజారులో బేరమునకు చాలును, ఫిర్యాదు వ్రాయుటకు చాలదు. అందుచేత ఠాణా ఎదుట టీ దుకాణములో కూర్చుండు మధ్యవర్తిని పట్టుకొందుము. లంచము సగము అక్కడనే పుట్టుచున్నది.

మనలో ఒక తల్లికి రైలులో నగలసంచి పోయినది. ఆర్.పి.ఎఫ్. వారిని అడిగిన, జి.ఆర్.పి.కి పొమ్మనిరి. మొదటిది కేంద్రప్రభుత్వ దళము, రెండవది రాష్ట్ర పోలీసు; దొంగతనము కేసు వ్రాసికొనవలసినది రెండవదే. అక్కడ, దొంగతనము మా హద్దులో జరుగలేదనిరి. మధ్యవర్తి రెండువేలు పుచ్చుకొని కాగితము తెచ్చియిచ్చెను. నెల గడచిన తరువాత ఒరియా చదువనేర్చిన పిల్లవాడొకడు చూచి, అందు సంచి దొంగిలింపబడినదని కాక ఎచ్చటనో జారిపోయినదని వ్రాసియున్నదని చెప్పెను. పోయినదానికి దొంగ నెవరు వెదకుదురు? కూతురి పెండ్లికి దాచిన నగలవి.

ఆ తల్లికి తెలియవలసిన చట్టము చాల చిన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, దొంగతనమువంటి నేరము ఎక్కడ జరిగినను ఏ ఠాణాలోనైనను చెప్పవచ్చును, హద్దు అడ్డము కాదు. నోటితో చెప్పినదానిని వారే వ్రాసి, చదివి వినిపించి, అటుపిమ్మట సంతకము తీసికొనవలెను. నకలు ఉచితము. తీసికొననన్నచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చును, అదియు కానిచో మేజిస్ట్రేటు. చదివి వినిపించనిదే సంతకము చేయనన్న ఒక్కమాట ఆ నగలవిషయమున ఎంత పనిచేసియుండునో ఆలోచింపుడు.

ఇంకొకటి. 2018 సవరణతో ఇచ్చినవాడును నేరస్థుడే. బలవంతముచేత ఇచ్చినయెడల ఏడు దినములలో తెలుపుకొన్నవానికి ఆ శిక్ష లేదు. ఒరిస్సా విజిలెన్సు వారి ఫోను 1064. ముందుగ చెప్పినచో నోట్ల నంబర్లు వ్రాసికొని, పొడి పూసి ఇత్తురు. పుచ్చుకొన్న చేయి సోడానీటిలో ముంచగానే నీరు గులాబిరంగు తిరుగును.

పోలీసులందరు ఒకటే యనుట అన్యాయము. పండుగనాడు కూడ ఇంటి మొగము చూడని జవానును మనము రోజూ ప్లాట్‌ఫారముమీద చూచుచునే యున్నాము. బెర్తుకు చేయిచాచువారు మా శాఖలోను లేకపోలేదు, వారును ఠాణాను తిట్టుచుందురు.

కావున సంఘమువారికి మా మనవి యిది. ఒరియా చక్కగా వ్రాయువారిని ఇద్దరిని ఏర్పరచి, ఆదివారము సాయంకాలము గ్రంథాలయములో కూర్చుండబెట్టవలెను. ఫిర్యాదు గలవారికి రుసుము లేకుండ వ్రాసియిచ్చి, స్త్రీలకును వృద్ధులకును ఠాణాదాక తోడుపోవలెను. ఒక పుస్తకములో తేదీ, ఠాణా పేరు, నకలు ఇచ్చినది లేనిది వ్రాయవలెను. మొదటి ఆదివారమునకు మేము వచ్చెదము. రెండవవారు ఎవరో ఈ సభలోనే చేయెత్తవలెనని కోరుచున్నాము.