గడ్డకట్టే రక్తం - నా అనుభవం

నేను డాక్టర్ని కాను, రిటైరైన సుబేదారుని. నాకు జరిగింది చెబుతాను.

2003లో లడఖ్‌లో ఉండగా ఎడమ పిక్క వాచి రాయిలా బిగిసింది. బూట్ల వల్లే అనుకుని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదే. ఎత్తు ప్రదేశంలో ప్రాణవాయువు తక్కువ గనుక ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. చలికి దాహం వెయ్యదు, నీళ్లు తాగం. కిందికి దించి డాప్లర్ తీస్తే గడ్డ కనబడింది.

డి-డైమర్ అని ఒక పరీక్ష ఉంది. ఎక్కువొచ్చిందని హడలిపోకండి, జ్వరానికీ, ఆపరేషన్‌కీ, వయసుకీ పెరుగుతుంది.

మా నాన్నకీ కాలు వాచేదని చెబితే ప్రొటీన్ సి, ఎస్ పరీక్షలు రాశారు. వార్ఫరిన్ వాడుతుండగానే చేసి రెండూ లోపమన్నారు. ఇంట్లో ఏడుపులు! ఆ మందు వల్లే అవి తగ్గుతాయట. మందు ఆపిన నెలకు మళ్లీ చేస్తే సి బాగుంది, ఎస్ మాత్రం నిజంగానే తక్కువ.

గర్భంతో ఉన్నప్పుడు కూడా ఎస్ తగ్గుతుంది. అందుకే మా అమ్మాయికి పెళ్లికి ముందే చేయించాను. తక్కువే వచ్చింది. పెళ్లివారికి చెప్పొద్దన్నారు బంధువులు. నేను చెప్పాను. వియ్యంకుడు గారూ ఫౌజీయే, రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. అమ్మాయి నెల తప్పగానే దాన్ని డాక్టరమ్మ ముందు పెట్టింది ఆయనే.