లారీలో రేడియో, ఏరియల్‌కు శ్రుతి

రేడియో వారు అడిగింది చిన్న విషయమే. అమెరికా సినిమాల్లో లారీ డ్రైవర్లు ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మైకు పట్టుకుని దారి పొడుగునా కబుర్లాడుకుంటూ పోతారు కదా, ఆ సెట్టును బండికి ఎలా బిగిస్తారో, ఎలా శ్రుతి చేస్తారో, దాని మీద ఎలా మాట్లాడతారో పావుగంటలో చెప్పమన్నారు. బాపట్లకూ రేపల్లెకూ మధ్య పిట్టలవానిపాలెంలో ఉంటూ, ఇరవై ఏళ్ళకు పైగా హామ్ రేడియో మీద, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునే వ్యాపకం మీద, మనసు పెట్టుకున్న మనిషిని అడిగారు గనుక, ఆ అడిగిన మూడింటిలో మధ్యదానికే ఈ ప్రసంగంలో పెద్దపీట పడుతుంది.

రేడియో ఎలా పనిచేస్తుందో ఈ శ్రోతలకు వివరించక్కర్లేదు. పందిరి గుంజల మధ్య రాగి జల్లెడ ఏరియల్ కట్టినవాళ్ళూ, రేడియో ఇంట్లో ఉన్నందుకు పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు రుసుము కట్టివచ్చినవాళ్ళూ వీరిలో ఉన్నారు.

అమెరికాలో సి.బి. అంటే సిటిజన్స్ బ్యాండ్, పౌరుల పట్టీ. 1958లో అక్కడి ప్రభుత్వం అంతదాకా హామ్‌ల చేతిలో ఉన్న 11 మీటర్ల బ్యాండును తీసుకుని 23 చానళ్ళుగా విడగొట్టి మామూలు జనానికిచ్చింది. 1973లో చమురు కరువొచ్చింది. డీజిలు ఏ బంకులో దొరుకుతుందో, వేగం కొలిచే పోలీసు ఏ వంతెన కింద కాపు కాశాడో ఒకరికొకరు చెప్పుకోవడానికి లారీ డ్రైవర్లు ఈ సెట్ల మీద పడ్డారు. చానళ్ళు చాలక 1977 జనవరి 1 నుంచి 40 చేశారు. 9వ చానల్ ఆపదకు, 19వ చానల్ లారీల వాళ్ళకు. ఆ 19వ చానల్ 27.185 మెగాహెర్ట్జ్ మీద ఉంటుంది.

ఇండియాలో లారీలకు ఆ భోగం పట్టలేదు. ఇక్కడ డ్రైవరు భాష హారను, డిప్పరు, కిటికీలోంచి చాపిన క్లీనరు చెయ్యి. అయినా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2005లో కేంద్ర ప్రభుత్వం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీని లైసెన్సు అక్కర్లేకుండా జనానికి వదిలింది. షరతులున్నాయి. బలం 5 వాట్లు దాటకూడదు, సెట్టు ఆమోదం పొందిన రకమై ఉండాలి, ఏరియల్ సెట్టుకే అమర్చి ఉండాలి. ఈ చివరి షరతు వల్ల బండి నెత్తిన పొడుగాటి ఏరియల్ నిలబెట్టే అమెరికా పద్ధతి ఈ మినహాయింపులోకి రాదు. అది చేయాలంటే లైసెన్సున్న హామ్ అయి ఉండాలి, పక్కనే ఉన్న 28 మెగాహెర్ట్జ్ బ్యాండులో చేయాలి. పొడుగులో కాస్త తేడా తప్ప బిగింపూ శ్రుతీ రెండింటికీ ఒకటే.

ముందు బిగింపు. ఇక్కడి లారీతో రెండు చిక్కులున్నాయి, అమెరికా పుస్తకాలు చూసి పని మొదలుపెట్టినవాడికి రెండూ తగులుతాయి. మొదటిది కరెంటు. సెట్టుకు కావలసింది 12 వోల్టులు, ఛార్జింగులో ఉన్నప్పుడు 13.8. ఇక్కడి పెద్ద లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 చేస్తారు. సెట్టును నేరుగా దానికి తగిలిస్తే అదే దాని ఆఖరి రోజు. తెలివిగా ఒక్క బ్యాటరీ మీంచి తీగ లాగుతారు కొందరు. కొన్నాళ్ళకు ఆ ఒక్క బ్యాటరీ నీరసిస్తుంది, రెండోది పొంగుతుంది, చివరికి రెండూ పోతాయి. 24ను 12 చేసే కన్వర్టరు పెట్టడమే సరైన దారి. చవక కన్వర్టరు అయితే సెట్టులో జోరీగ చేరినట్టు రొద. తీగ బ్యాటరీ నుంచే రావాలి, మొదట్లోనే ఫ్యూజు ఉండాలి.

డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గులుండవు గనుక పెట్రోలు బండిలో వినిపించే టకటకలు ఇక్కడ లేవు. ఆ మేరకు లారీ మంచిది. ఆల్టర్నేటరు ఈల మాత్రం యాక్సిలరేటరు తొక్కే కొద్దీ పైకి లేస్తుంది.

రెండో చిక్కు చెక్క. ఏరియల్ అంటే నిలబెట్టిన కడ్డీ ఒక్కటే అనుకుంటారు గానీ అది సగమే. మిగతా సగం దాని కింద పరుచుకున్న ఇనుము. బండి రేకు నీళ్ళలా ఉంటే కడ్డీ నీడ అందులో పడి జత పూర్తవుతుంది. ఆటోనగర్లలో వడ్రంగులు కట్టే పాత తరహా లారీకి కేబిన్ చెక్క, తొట్టి చెక్క. చెక్క మీద నిలబెట్టిన ఏరియల్‌కు నీడ పడదు.

ఇది ఈ ప్రసంగకర్తకు పుస్తకంలో దొరికిన జ్ఞానం కాదు. కొన్నేళ్ళ కిందట లైసెన్సున్న హామ్ మిత్రుడొకాయన, ధాన్యం తోలే లారీ యజమాని, తన బండికి 28 మెగాహెర్ట్జ్ సెట్టు పెట్టుకుంటానన్నాడు. కోతలు అయిపోయాక ఊరి బయట ఖాళీ కళ్ళంలోకి లారీ తెచ్చారు. చుట్టూ ఇనప రేకుల షెడ్డుగానీ కరెంటు తీగలుగానీ లేనిచోటే మీటరు నిజం చెబుతుంది. కేబిన్ నెత్తిన ఏరియల్, సెట్టుకూ దానికీ మధ్యలో వెనక్కి తిరిగొచ్చే బలాన్ని కొలిచే ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు. మైకు నొక్కితే ముల్లు మూడు దాటి ఎర్ర గీతలోకి పోయింది. కడ్డీ తగ్గించారు, పెంచారు, ముల్లు మూడుకు కిందికి దిగలేదు. పొద్దు వాలింది. అప్పుడు ఆ లారీ డ్రైవరు, రేడియో చదువు లేని మనిషి, "అయ్యా, దీనికి బాడీ ఎర్తు ఏదండీ?" అన్నాడు. లారీలో లైటు వెలగకపోతే వాళ్ళు మొట్టమొదట చూసేది అదేనట. ఆయనే బ్యాటరీకి వాడే అల్లిక రాగి పట్టీ ఒకటి తెచ్చి, చాసిస్ మీద రంగు గీకి ఇనుము తెల్లగా తేలాక అక్కడొక బోల్టు, ఏరియల్ కాలికొక బోల్టు బిగించాడు. ముల్లు రెండుంపావు దగ్గరికి వచ్చి నిలబడింది. సగం పని అక్కడే అయిపోయింది.

మిగతా సగం శ్రుతి.

ఎస్.డబ్ల్యు.ఆర్. అంటే సెట్టు పంపిన బలంలో ఎంత ఏరియల్ దగ్గర కాదనిపించుకుని వెనక్కి తిరిగొచ్చిందో చెప్పే లెక్క. ఒకటి అంటే అంతా పోయిందని. ఒకటిన్నర అంటే నూటికి నాలుగు పాళ్ళు వెనక్కి. రెండు అంటే పదకొండు. మూడు అంటే పాతిక పాళ్ళు తిరిగొచ్చినట్టు, అలా మాట్లాడుతూ పోతే ఆ బలమంతా సెట్టులోని ట్రాన్సిస్టరు మీద వేడిగా పడుతుంది.

కడ్డీ పొడుగు ఎక్కడినుంచి వస్తుందంటే, విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ అల పొడుగు సుమారు 358 మీటర్లు. అందుకే దానికి ఆకాశమెత్తు టవరు. 27 మెగాహెర్ట్జ్ అల 11 మీటర్లే. అందులో నాలుగో వంతు కడ్డీ కావాలి, అంటే రెండుముప్పావు మీటర్లు. అమెరికాలో 102 అంగుళాల ఉక్కు కడ్డీకి కింద స్ప్రింగు పెట్టి అమ్మేది ఈ లెక్క మీదే. అంత కడ్డీ లారీ నెత్తిన పెడితే ఊళ్ళో కరెంటు తీగలకు తగులుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మధ్యలో తీగచుట్ట పెట్టి నాలుగడుగులకు కుదిస్తారు. కుదించిన ఏరియల్ పెంకిది. అయిదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ఒప్పుకోదు.

చేసే పని ఇంతే. బ్యాండు కింది కొసన ఒకసారి, పై కొసన ఒకసారి మీటరు చూడాలి. పై కొసన ముల్లు ఎక్కువ చూపితే కడ్డీ పొడుగైందని, తగ్గించాలి. కింది కొసన ఎక్కువ చూపితే పొట్టిదైందని, పెంచాలి. కొస దగ్గర చిన్న మర వదులు చేసి గోరంత జరపడం, మర బిగించడం, బండి తలుపులు మూసి, మనుషులు దూరంగా జరిగి మళ్ళీ చూడడం. ఆ సాయంత్రం కళ్ళంలో ఏడుసార్లు జరిపాక రెండు కొసలూ ఒకటిన్నర దగ్గర సమానంగా నిలిచాయి, నట్టనడుమ ఒకటీ పాయింటు రెండు. సెట్టు గొంతు ఒక్కసారిగా తేటపడింది.

తెనాలి వైపు నాటకాల వాళ్ళు శ్రుతి అనే మాట వినగానే హార్మోనియం గుర్తు చేసుకుంటారు. శ్రుతి దిగిన రీడును కొస దగ్గర సన్నగా గీకితే స్వరం పైకి లేస్తుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. గీకి పారేసిన ఇత్తడి మళ్ళీ రాదు గనుక చెయ్యి నిదానించాలి. కడ్డీ కత్తిరించేవాడికీ అదే జాగ్రత్త. పొట్టిదైన కొద్దీ దాని స్వరం పైకి పోతుంది, అందుకే ఎవరైనా కాస్త పొడుగ్గా ఉంచి మొదలుపెడతారు.

ఈ నిదానం ఒకప్పుడు ప్రతి ఊళ్ళో రేడియో రిపేరు షాపులో ఉండేది. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో బస్టాండు వైపు అలాంటి ఇరుకు గదులుండేవి. బల్ల మీద విప్పిన రేడియో, టంకం పొగ, పక్కన రేకు డబ్బాలో మరలు. ఆ మెకానిక్కు దగ్గర ప్లాస్టిక్‌తో చేసిన స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. 455 కిలోహెర్ట్జ్ కాయిళ్ళ మధ్య ఫెర్రైటు ముక్కను దానితో తిప్పేవాడు. ఇనప స్క్రూడ్రైవరు దగ్గరికి తెస్తేనే కాయిలు శ్రుతి తప్పుతుంది, అందుకని ప్లాస్టిక్. కళ్ళు మూసుకుని, చెవి స్పీకరు దగ్గర పెట్టి, రొదలో స్టేషను ఎక్కడ నిండుగా పలుకుతుందో అక్కడ చెయ్యి ఆపేవాడు. ఆ చెవికి ఏ కాలేజీ పట్టా ఇవ్వలేదు. ఇవాళ ఆ గదుల్లో మొబైలు కవర్లు అమ్ముతున్నారు, చెడిన బోర్డు తీసి కొత్త బోర్డు పెడుతున్నారు. శ్రుతి చేసే చెయ్యి ఒక తరం దాటకుండానే పోతోంది, పోతోందని బాధపడేవాళ్ళు కూడా లేరు. ఎలక్ట్రానిక్సు చదివి బయటికి వచ్చిన పిల్లవాడు ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరును పరీక్ష పేపరులో తప్ప చూసి ఉండడం లేదు. ఇది పిల్లల తప్పు కాదు, చూపించని పెద్దల తప్పు.

ఎవరికి కావాలి ఇప్పుడిదంతా, ఫోను ఉంది కదా అంటారు. అనేవాళ్ళు ఈ తీరాన్ని మరిచిపోయి అంటారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో ఏం జరిగిందో బయట లోకానికి వెంటనే తెలియలేదు. తంతి స్తంభాలు కూలాయి, రోడ్లు తెగాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. సెల్ టవరు బ్యాటరీ కొన్ని గంటలు, తర్వాత జనరేటరు, దానికి డీజిలు తెచ్చే దారి మునిగితే అదీ లేదు. లారీ బ్యాటరీ మీద నడిచే సెట్టుకు టవరు అక్కర్లేదు. డెల్టా నేల అరచేతిలా చదును, ఎదురుకొండ లేదు. ఏరియల్ శ్రుతిలో ఉంటే ఎనిమిది పది కిలోమీటర్ల దాకా మాట హాయిగా పోతుంది. శ్రుతి లేకపోతే పక్క ఊరికి కూడా చేరదు.

హైదరాబాదులో 1983లో ఎస్. సూరి గారు పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆపదలో శ్రుతిలో ఉన్న ఏరియల్ విలువను కళ్ళారా చూసింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు, ఆమె జట్టు అండమానుకు వెళ్ళారు. అక్కడ చాలా ఏళ్ళుగా హామ్ స్టేషను లేదు. ప్రపంచంలోని హామ్‌లతో పలకరింపులు జరుపుదామని పోర్టుబ్లెయిరులో హోటలు మీద ఏరియళ్ళు కట్టారు. 26వ తేదీ పొద్దున భూమి కదిలింది, సునామీ వచ్చింది. పలకరింపుల కోసం శ్రుతి చేసి పెట్టుకున్న ఆ ఏరియళ్ళే దీవుల కబురును ప్రధాన భూభాగానికి చేర్చాయి.

ఇక మూడోది, మాట్లాడే తీరు. అడిగిన సమయం దాదాపు అయిపోయింది గనుక ముక్తసరిగా. ముందు వినాలి, చానల్ ఖాళీగా ఉందని తేల్చుకోవాలి. మైకు నొక్కి అర క్షణం ఆగి మాట్లాడాలి, మాట అవగానే వదలాలి, ఒకరు నొక్కి ఉంచినంతసేపు రెండోవారు పలకలేరు. స్క్వెల్చ్ అనే గుబ్బను రొద ఆగేదాకా మాత్రమే తిప్పాలి, మరీ తిప్పితే దూరపు మనిషి గొంతు కూడా ఆగిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మరో జాగ్రత్త ఉంది. ఏడాదికి రెండుసార్లు ఏరియల్ కాలి దగ్గర కనెక్టరు విప్పి చూడాలి. రాగి మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకి, ఆరబెట్టి, రబ్బరు టేపు చుట్టాలి. ఆ మిత్రుడి లారీలో ముల్లు మళ్ళీ మూడుకు ఎక్కినప్పుడు తప్పు చిలుముదే.

బాపట్ల జిల్లా తీరం వెంట ఉన్న హైస్కూళ్ళ సైన్సు మాష్టార్లకు ఒక మనవి. తుపాను కాలం రాకముందే ఒక హామ్‌ను బడికి పిలిచి, పిల్లల చేత ఒక కడ్డీని మీటరు ముల్లు కిందికి దిగేదాకా శ్రుతి చేయించండి. తర్వాత హామ్ లైసెన్సు పరీక్షకు పంపండి. అది కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం పెట్టే పరీక్ష. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్సు రానక్కర్లేదు, పన్నెండేళ్ళు నిండితే చాలు.