శూన్యమైన సమాధిమందిరము

ముప్పదియేండ్లకు మించి బాలురకు పాఠములు చెప్పినవాడను గనుక నేడును ఒక కథతోనే ప్రారంభించెదను. ఇది కట్టుకథ గాదు, చరిత్ర.

ఇంగ్లండు దేశమున కెంటు మండలమందు కోబమ్ అను గ్రామము కలదు. ఆ గ్రామసీమలో వృక్షసంకులమైన యొక గుట్టపై తెల్లరాతి మందిరమొకటి నిలిచియున్నది. దానిని డార్న్‌లీ సమాధిమందిరమందురు. లండను నగరమందలి వెస్టుమినిస్టరు ఆబీ యను మహాదేవాలయమున డార్న్‌లీ ప్రభువుల వంశమునకు గల భూగృహము నిండిపోయెను. అందువలన 1781లో మరణించిన మూడవ ప్రభువు, జాన్ బ్లై, తన వంశమునకు స్వంత సమాధి కావలెనని మరణశాసనమున వ్రాసి, 5,000 పౌనులు కేటాయించెను. దానిపై ఈజిప్టు రాజుల సమాధులవలె పిరమిడు ఉండవలెనని కూడ ఆదేశించెను.

ఆయన కుమారుడు తండ్రియాజ్ఞను శిరసావహించెను. ఆ కాలమున ప్రఖ్యాతి గాంచిన జేమ్స్ వయట్ అను శిల్పి రూపరచన చేయగా, 1786 నాటికి కట్టడము పూర్తియయ్యెను. చుట్టును నీరు లేని అగడ్త, చదరపు కట్టడమునకు మూలలు చెక్కి స్తంభములు నిలిపిరి, శిరమున పిరమిడు. లోపల పై యంతస్తున ప్రార్థనామందిరము; దానికి రంగుటద్దముల గవాక్షములు. క్రింది నేలమాళిగలో శవపేటికల నుంచుటకు 32 గూండ్లు. తరతరముల మృతులకు ముందుగానే చోటు సిద్ధపఱచిరన్నమాట.

అయితే, సోదరులారా, ఆ 32 గూండ్లలో నేటివఱకు ఒక్క దేహమైనను ప్రవేశింపలేదు! క్రైస్తవాచారము ననుసరించి మతాధికారి వచ్చి జరుపవలసిన పవిత్రీకరణము దానికి జరుగనే లేదు. ధనము కలదు, భూమి కలదు, శిల్పి కలడు, పుత్రభక్తియు కలదు. మన యాలయములయందు ప్రాణప్రతిష్ఠ జరుగనిచో విగ్రహము శిలయే యైనట్లు, ఆ మందిరము రాతికట్టడముగానే మిగిలిపోయెను.

ఇరువదవ శతాబ్దమున వంశీయుల ఆస్తి చేతులు మాఱెను. మందిరము అడవిలో అనాథమయ్యెను. 1980లో దుండగులు నేలమాళిగలో మోటారు చక్రముల టైర్లను పేర్చి నిప్పుపెట్టగా, పైనున్న ప్రార్థనామందిరపు నేల కూలిపోయెను. పిమ్మట దానిని నివాసగృహముగా మార్పదలచిన యత్నమును ఫలింపలేదు. తుదకు ఈ యిరువదియొకటవ శతాబ్దియందు ప్రజాధనముతోను, స్థానికుల శ్రమతోను అది పునరుద్ధరింపబడి, 2014లో నేషనల్ ట్రస్టు అను సంస్థ పరమై, ప్రజలు దర్శించుటకు తెఱవబడెను. వంశముకొఱకు కట్టిన దానిని కాపాడినది వంశము గాదు; ఆ వంశముతో ఏ రక్తసంబంధమును లేని జనులు. ఈ సంగతి గమనింపదగినది.

ఈ వంశమునకే సంబంధించిన మఱొక విచిత్రము విన్నవించెదను. 1882లో ఆస్ట్రేలియావారు క్రికెట్టు క్రీడలో ఇంగ్లండును ఓడింపగా, ఒక పత్రిక ఇంగ్లండు క్రికెట్టు చచ్చినదనియు, దాని చితాభస్మము ఆస్ట్రేలియాకు పోవుననియు హాస్యముగా ప్రకటించెను. ఆ భస్మమును తెచ్చెదనని బయలుదేఱిన జట్టు నాయకుడు ఐవో బ్లై. తరువాత ఎనిమిదవ డార్న్‌లీ ప్రభువైనవాడు ఇతడే. అచ్చటి స్త్రీలు పరిహాసమునకై అతనికొక మట్టిభరిణె నొసగిరి. అది జానెడులో సగమే. 1927లో అతడు మరణించిన పిమ్మట అతని భార్య దానిని క్రికెట్టు సంఘమునకు సమర్పించెను. నేడు ఆ వంశనామమును లోకము తలచుచున్నది గుట్టపైని పిరమిడును జూచి కాదు. ఆ చిన్న భరిణెను జూచియే! ఐవో బ్లై దేహమును మహామందిరమున గాక, గ్రామ దేవాలయపు ఆవరణలోనే విశ్రమించినది.

ఇక నా సంగతి. మా తండ్రిగారి పేర మా తోటలో రాతిమండప మొకటి కట్టింపనెంచి, తాపీమేస్త్రిచే వ్యయపు లెక్కయు వేయించితిని. ఈ చరిత్ర చదివిన పిమ్మట ఆ కాగితము మడచి పెట్టెలో నుంచితిని. తోటలోని మండపమునకు నా తరువాత ఎవరు పోవుదురు? మా తండ్రిగారు కూర్చుండి అమరము చెప్పిన వీధియరుగు ఇంకను నిలిచియున్నది. సాయంకాలము వీధిలోని పిల్లలు నేటికిని అచ్చటనే కూర్చుండి చదువుకొందురు. దాని కప్పు వానకు కారుచున్నది. ముందు దానిని బాగుచేయింతును. అది పితృకార్యము కాదని ఎవరనగలరు?

స్మారకచిహ్నములు కట్టవలదని నేననుట లేదు. పితృభక్తి మన ధర్మము. యశఃకాయమును కోరుట మానవసహజము. కాని పెద్దల పేర రాయి నిలుపదలచిన దాతలు పునాది త్రవ్వుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొందురుగాక: మన తరువాత ఈ తలుపు ఎవరు తీయుదురు? ఏ పనికై లోపలికి వత్తురు? దానికి సమాధానము దొరకిన కట్టడము చిన్నదైనను నిలుచును. దొరకనిది శిఖరమెంత యెత్తైనను శూన్యమగును.