మానిన గాయము – మిగిలిన మచ్చ
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఏటేట ఈ సమావేశమున మేము పిల్లల చదువును గూర్చియో, హాజరును గూర్చియో, ఇంటిలో తెలుగు మాటలాడవలసిన ఆవశ్యకతను గూర్చియో ప్రసంగించుట మీకు తెలిసినదే. ఈ యేడు వేరొక విషయమును తీసికొంటిమి. అది గాయము మానిన తరువాత మిగులు మచ్చను గూర్చినది. “మచ్చను గూర్చి చెప్పుట కేమున్నది? పుండు మానినను మచ్చ మానదని సామెత ఉండనే ఉన్నది గదా” అని మీలో కొందరనుకొనవచ్చును. సామెత నిజమే. కాని మచ్చలన్నియు ఒక్క తీరున నుండవు. కొన్ని వాటంతట అవియే అణగిపోవును. కొన్ని పెరుగును. కొన్ని బిగిసి వ్రేళ్లను, మోచేతిని వంచివేయును. ఏది ఊరక విడువదగినది, ఏది వైద్యునకు చూపదగినది అను వివేకము ఇంటివారికి ఉన్నచో పెక్కు కష్టములు తప్పును.

ఈ విషయమును ఎంచుకొనుటకు కారణము కలదు. ఈ షోలాపురమున మనవారిలో అనేకులు మరమగ్గములను నమ్ముకొని, బీడీలు చుట్టి జీవించుచున్నారు. పెక్కు ఇండ్లలో వంటయు, పిల్లల చదువును, నిద్రయు ఒక్క గదిలోనే. పొయ్యిమీది గంజి, స్నానమునకు కాచిన నీరు, దీపావళి టపాకాయ – వీనివలన ఏటా ఏదో యొక యింట బిడ్డ కాలుటయు సంభవించుచున్నది. వ్యాయామపు గంటలో పిల్లలందరు చేతులెత్తి నిలిచినపుడు ఒక బాలుని చేయి భుజము వరకే లేచును. ఒక బాలిక కలము పట్టినపుడు చిటికెన వ్రేలు తెరచుకొనదు. పిలిచి అడిగినచో, “చిన్నప్పుడు కాలింది సార్, మానిపోయింది” అని చెప్పుదురు. గాయము మానిన మాట నిజమే. చేయి మాత్రము మానలేదు.

మొదట, గాయము సహజముగా మానువిధమును తెలిసికొందము. చర్మము తెగినపుడు రక్తము గడ్డకట్టి పక్కు కట్టును. కొద్దిదినములు చుట్టును ఎరుపు, వాపు ఉండును. ఆ పక్కు క్రింద క్రొత్త కండ పుట్టి గాయము పూడుకొనును. మూడు వారములకు ఆ చోటు మూసికొనినను, దాని గట్టిదనము ఇరుగుపొరుగు చర్మములో ఇంచుమించు అయిదవ వంతు మాత్రమే. మూడు నెలలకు అయిదింట నాలుగు వంతులు వచ్చును. పూర్తి బలము ఎన్నటికిని రాదు. కావున క్రొత్త మచ్చ మొదటి నెలలలో ఎర్రగా, కొంచెము ఎత్తుగా, దురదగా ఉండుట స్వభావము. అది క్రమముగా మెత్తబడి, రంగు తగ్గి, చదునగుటకు సంవత్సరము, ఒక్కొక్కపుడు రెండు సంవత్సరములు పట్టును. నెలనెలకు అణగుచున్న మచ్చను చూచి భయపడ నక్కరలేదు.

టీకా మచ్చయు అట్టిదే. మా యీడువారి భుజములమీద మశూచి టీకా గుర్తులున్నవి. ఆ వ్యాధి లోకమునుండి తొలగినదని 1980లో ప్రకటింపబడెను. నేటి పిల్లల ఎడమ భుజముమీద నుండునది క్షయ నివారణకై వేసిన బీసీజీ టీకా గుర్తు. టీకా వేసిన కొన్ని వారములకు అచట చిన్న పుండు లేచి దానంతట మాని మచ్చ యగును. దానికి మందు పూయవలసిన పనిలేదు.

ఇక వైద్యునకు చూపవలసిన లక్షణములు.

మొదటిది, సకాలమున మూసికొనని గాయము. కాలిన గాయము రెండు మూడు వారములలో పూర్తిగా మానక తడి కారుచున్నచో ఆలసింపరాదు. అట్లు ఆలస్యముగా మానిన చోటనే మచ్చ ఎత్తుగా, గట్టిగా పెరుగుట ఎక్కువ. గాయమైన రెండు మూడు దినముల తరువాత నొప్పి తగ్గుటకు మారుగా హెచ్చినను, ఎరుపు చుట్టును ప్రాకినను, చీము, దుర్వాసన, జ్వరము కనిపించినను ఆ దినముననే వైద్యుని వద్దకు పోవలెను. ఇంటిలో మధుమేహము గల పెద్దలున్నచో వారి కాలి గాయములను మరింత జాగ్రత్తగా చూడవలెను. గాయము మట్టి, తుప్పు తగిలినదైనచో ధనుర్వాతపు టీకాను గూర్చి అడుగవలెను. పిల్లలకు ఈ టీకా పదవయేట, పదునారవయేట మరల వేయుదురు. దానిని విడువవద్దు.

రెండవది, పెరుగుచున్న మచ్చ. ఇందు రెండు తెగలున్నవి. ఒకటి గాయపు హద్దులలోనే ఉబ్బి, త్రాడువలె గట్టిపడునది. ఇది గాయమైన ఒకటి రెండు నెలలలో మొదలై కొన్ని నెలలు పెరిగి, పిదప చాలమందిలో కొంత అణగును. రెండవది గాయపు హద్దు దాటి, పీత తన పట్టుకాళ్లను ప్రక్కలకు చాచినట్లు మంచి చర్మములోనికి ప్రాకునది. ఫ్రెంచి వైద్యుడు ఆలిబేర్ 1806లో దీనిని వర్ణించి, తరువాత గ్రీకు భాషలో పీత పట్టుకాలిని తెలుపు మాటనుండి దీనికి పేరు కూర్చెను. అదియే నేటి ‘కీలాయిడ్’. ఇది గాయము మానిన పెక్కు నెలలకు గాని బయలుపడక పోవచ్చును. తనంతట అణగదు. చెవితమ్మె, రొమ్ము నడిమి భాగము, భుజము, దవడ దీనికి ఇష్టమైన తావులు. నల్లని చర్మము గలవారిలోను, పది మొదలు ముప్పది యేండ్ల వయసువారిలోను ఎక్కువ. తల్లికో తండ్రికో ఉన్నచో బిడ్డకు వచ్చు అవకాశము హెచ్చు.

ఆడపిల్లలుగల తల్లులు ఒక మాట గమనింపవలెను. పసితనమున కుట్టించిన చెవులకంటె, పదకొండేండ్లు దాటిన తరువాత క్రొత్తగా కుట్టించిన రంధ్రములకు ఈ గడ్డ లేచుట ఎక్కువగా కానవచ్చినది. ఇంట ఎవరికైనను కీలాయిడ్ ఉన్నచో, వేడుకకై రెండవ మూడవ రంధ్రములు కుట్టించుట మానుటయే మేలు. ఇదివరకే లేచినచో, “కోసివేసిన పోవును” అని చెప్పువారి మాట వినవద్దు. ఉత్తగా కోసివేసినచో సగముమందికి పైగా మరల లేచును, ఒక్కొక్కపుడు మొదటికంటె పెద్దదిగా లేచును. చర్మవైద్యులు గడ్డలోనికే నాలుగైదు వారముల కొకసారి సూదిమందు వేయుదురు. సిలికోన్ పట్టీని రోజునకు 12 గంటలకు తక్కువ కాకుండ రెండు మూడు నెలలు అంటింతురు. కాలిన మచ్చలకు బిగుతైన ప్రత్యేక వస్త్రములను తొడిగింతురు. కోయవలసివచ్చినను, దానివెంట సూదిమందు వంటి వేరొక చికిత్స చేయుదురు. ఎంత చిన్నదిగా ఉన్నపుడు చూపిన అంత సులభము.

మూడవది, బిగియు మచ్చ. మేము అన్నిటికంటె ముఖ్యముగా చెప్పదలచినది దీనినే. వ్రేలు, మణికట్టు, మోచేయి, చంక, మెడ, మోకాలు – ఇట్టి కీళ్లమీద కాలినపుడు మచ్చ కుంచించుకొని కీలును లాగును. నొప్పి కలుగకుండుటకై బిడ్డ చేతిని ముడుచుకొనియే యుండును. తల్లి జాలిపడి అట్లే ఉండనిచ్చును. ఆ ముడుపులోనే మచ్చ గట్టిపడును. మెడ కాలినచో మెత్తగా నుండునని తలగడ పెట్టుదురు. దానివలన గడ్డము రొమ్మునకు వంగి మచ్చ అచటనే బిగియును. పైగా బిడ్డ ఏటేట పెరుగును, మచ్చ వానితో పెరుగదు. అందుచేత మూడవయేట కనబడని వంకర పదవయేట కనబడవచ్చును.

కావున నెల కొకసారి బిడ్డ రెండు చేతులను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు. వ్రేళ్లన్నియు సమముగా చాపగలడా? మోచేయి పూర్తిగా తెరచుకొనుచున్నదా? చేయి చెవిని తాకునట్లు ఎత్తగలడా? చాపినపుడు మచ్చ తెల్లబడి తీగవలె లాగుచున్నదా? భేదము కానవచ్చిన వెంటనే చూపవలెను. ప్రారంభమున బద్దకట్టు, వ్యాయామము, మర్దనములతోనే చాలవరకు సరియగును. ఆలసించినచో బిగుతును విడదీసి, వేరొకచోటి చర్మమును తెచ్చి అతుకు శస్త్రచికిత్స అవసరమగును. ఇక ఇన్నేండ్లయినదే అని నిరాశపడ నక్కరలేదు. శస్త్రచికిత్స అప్పటికిని కలదు. కనురెప్పను లాగు మచ్చకు మాత్రము ఒక్క దినము ఆగరాదు. రెప్ప మూతపడని కన్ను ఎండి చెడిపోవును.

నాలుగవది పెద్దలకు సంబంధించినది. ఇరువది ముప్పది యేండ్లనాటి కాలిన మచ్చలో క్రొత్తగా పుండు లేచి మానకున్నను, గట్టి అంచు ఏర్పడినను, రక్తము కారినను వెంటనే చూపవలెను. 1828లో మార్జొలిన్ అను ఫ్రెంచి వైద్యుడు మచ్చలలో పుట్టు ఇట్టి పుండ్లను వర్ణించెను. వీనిలో కొన్ని క్యాన్సరుగా మారునవి. చిన్న ముక్క తీసి పరీక్షించినగాని తేలదు. మగ్గము వద్ద బట్ట రాచుకొని లేచినదిలే అని నెలల తరబడి పసుపు అద్దుచు కూర్చుండవలదు.

అయిదవది, గాయమే లేని మచ్చ. దెబ్బ తగిలిన జ్ఞాపకము లేకయే పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఏర్పడి, అచట స్పర్శ తెలియకున్నచో అది కుష్ఠు కావచ్చును. ఈ మాట విని సిగ్గుపడవలదు. దీనికి మందు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. తొలిదశలో మందు వాడినచో అంగవైకల్యము లేకుండ నయమగును.

ఇంట చేయదగినవి కొలదియే. కాలిన వెంటనే ఇరువది నిమిషములు పారు చల్లని నీటి క్రింద ఉంచవలెను. మంచు, పండ్లపొడి, సిరా, నూనె పూయరాదు. ముఖము, చేయి, పాదము, కీలు కాలినను, బిడ్డ అరచేతికంటె పెద్దగా కాలినను, విద్యుత్తు తగిలినను ఆసుపత్రికే పోవలెను. గాయము పూర్తిగా మూసికొనిన తరువాత కొబ్బరినూనెతో రోజును మెత్తగా రుద్దవచ్చును. క్రొత్త మచ్చను ఎండ తగులకుండ కప్పవలెను, లేనిచో నల్లబడును. పక్కును గోటితో గిల్లనీయరాదు.

వైద్యునివద్ద చెప్పు విధమును గూర్చి ఒక మాట. మనము ఇంట తెలుగువారము, ఆసుపత్రిలో మరాఠీ మాటలాడవలసినవారము. తెలుగున ‘వ్రణము’ అనగా మానని పుండు. మరాఠీలో ‘వ్రణ్’ అనిన సామాన్యముగా మానిన గాయపు మచ్చ అని గ్రహింతురు. చీము కారు పుండును చూపదలచి ఈ మాట వాడినచో వినువారు వేరుగా తలచు ప్రమాదము కలదు. కావున పేరు చెప్పుటకంటె ఉన్నది చెప్పుడు: ఏ నెలలో గాయమైనది, ఎన్నాళ్లకు మూసికొనినది, ఎప్పటినుండి పెరుగుచున్నది, దురదయా నొప్పియా, ఏ పని చేయలేకున్నాడు. నెల కొకసారి సెల్‌ఫోనుతో, ప్రక్కన ఒక నాణెము నుంచి, ఒకే తీరున ఫొటో తీసినచో పెరుగుదల వైద్యునకు స్పష్టముగా తెలియును. పాఠశాలలోని పై తరగతుల పిల్లలకు మరాఠీ బాగుగ వచ్చును. అవసరమైనచో వారిని వెంట తీసికొని పొండు. ఆ దినపు హాజరును గూర్చి మేము అడుగము.

ఖర్చునకు వెరచి వెనుకాడువారున్నారు. ఒక దినము మగ్గము నిలిచినచో ఆ దినపు కూలి పోవునని మాకు తెలియును. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకొనవచ్చును. కాలిన గాయములకు సంబంధించిన శస్త్రచికిత్సలు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన క్రింద కలవు. రేషన్ కార్డు తీసికొని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనుడు. కాగితములు వ్రాయుటకు మా ఉపాధ్యాయులు తోడ్పడుదురు.

చివర ఒక మనవి. ఆడపిల్లకు మచ్చ ఉన్నచో పెండ్లికి అడ్డమని దాచుట మనలో కలదు. పొడుగు చేతుల రవిక తొడిగి, వ్యాయామమునకు పంపక, వైద్యునకును చూపక దాచుదురు. దాచిన మచ్చ లోలోపల బిగియుచునే యుండును. అట్లే మచ్చ ఉన్న పిల్లలకు మారుపేర్లు పెట్టి పిలుచుటను తరగతిలో మేము సహింపము. ఇంట మీరును సహింపకుడు. మచ్చ వలన అందము తగ్గునను చింతకంటె, ఆ చేయి మగ్గము నడుపగలదా, కలము పట్టగలదా, బిడ్డ నెత్తుకొనగలదా అను విచారము ముఖ్యము.

ఈ రాత్రి ఇంటికి పోయి మీ పిల్లల చేతులను ఒకసారి చాపించి చూడుడు. సందేహము కలిగినచో వైద్యునివద్దకు పొండు. దారి తెలియనిచో మా వద్దకు రండు.