మానిన గాయము - మానని నొప్పి

సీతమ్మధారలో మా వీధి చివర ఒక వృద్ధురాలు కలదు. మూడేండ్ల క్రిందట ఆమె మెట్లపై జారిపడినది. నడుమునకు తగిలిన దెబ్బ రెండు నెలలలో మానినది. ఎక్స్‌రేలో లోపమేదియు కానరాలేదు. కాని నొప్పి మాత్రము నేటికిని పోలేదు. "ఏమీ లేదని డాక్టరుగారే చెప్పారు కదా, అత్తయ్యా!" అని కోడలు అనినప్పుడెల్ల, ఆమె నొప్పికంటె ఆ మాటకే ఎక్కువగా కుములుచున్నది.

దెబ్బ మానిన పిదపను నొప్పి ఏల నిలుచును? ఎందరో యువ పరిశోధకులు తమ డాక్టరేటు కృషికి ఎన్నుకొన్న ప్రశ్న ఇది.

17వ శతాబ్దిలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు నొప్పిని గంటతాడుతో పోల్చెను. కాలివద్ద తాడు లాగినచో మెదడులో గంట మ్రోగునట. ఈ లెక్కను గాయము లేనిచో నొప్పియు ఉండరాదు.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున రొనాల్డ్ మెల్జాక్ అను యువకుడు, ఆచార్య హెబ్ వద్ద పరిశోధన చేసి 1954లో డాక్టరేటు పొందెను. ఏకాంతముగా పెంచిన కుక్కపిల్లలు మండుచున్న అగ్గిపుల్లకు ముక్కు తాకించియు, మరల దానివద్దకే వచ్చుట ఆయన చూచెను. నొప్పిలో అనుభవమునకును పాలున్నదని దానివలన తేలినది. 1965లో ఆయనయు, ఆంగ్లేయుడైన పాట్రిక్ వాల్‌యు కలిసి "ద్వార సిద్ధాంతము"ను ప్రకటించిరి. వెన్నుపాములో ఒక ద్వారము వంటిది కలదు. సన్నని నరతంతువులు తెచ్చు వార్త దానిని తెరచును. స్పర్శను తెచ్చు లావుపాటి తంతువులు మూయును. మెదడు సైతము పైనుండి దానిని అదుపు చేయును. తలుపుసందున వేలు నలిగినప్పుడు మనము రుద్దుకొనుట ఊరకే కాదన్నమాట! వివరములు పిదప సవరింపబడినను, మూలభావము నిలిచినది.

1983లో క్లిఫర్డ్ ఊల్ఫ్ మరొక మెట్టు ఎక్కెను. గాయమునుండి వచ్చు ప్రేరణలు వెన్నుపాములోని నాడీకణముల సున్నితత్వమునే పెంచునని ఆయన చూపెను. అప్పుడు మెత్తని తాకిడియు నొప్పియై తోచును. కొందరిలో ఈ స్థితి గాయము మానినను తగ్గదు. దొంగ పోయిన పిదపను తెల్లవార్లు మొరుగు కుక్కవంటిది ఆ నాడి. మొరుగుట అబద్ధము కాదు. దొంగ మాత్రము లేడు.

మూడు మాసములకు మించి నిలుచు నొప్పికి ప్రపంచ ఆరోగ్యసంస్థ నేడు తన వ్యాధుల వర్గీకరణమున ప్రత్యేక స్థానమిచ్చినది. నొప్పి కలదని చెప్పువాని మాటను గౌరవింపవలెనని 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము స్పష్టపరచినది.

ఇట్టి నొప్పికి మాత్ర యొక్కటే చాలదు. వైద్యుని సలహాపై కొద్దికొద్దిగా పెంచుకొను వ్యాయామము, మంచి నిద్ర, మనస్సునకు ఊరట కూడ ఔషధములే. అయితే ఒకే దెబ్బ తిన్న ఇద్దరిలో ఒకరికే నొప్పి ఏల నిలుచును? ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము నేటికిని లేదు. 1923 నుండి వైద్యవిద్య నేర్పుచున్న మన విశాఖపట్టణపు యువకులలో ఎవరైన దీనికి పూనుకొందురుగాక!

అంతవరకు మనము చేయదగినది ఒకటి కలదు. ఇంటిలో పెద్దవారు "నొప్పి" అనినప్పుడు, "ఏమీ లేదు" అనక, "ఎక్కడమ్మా?" అని అడుగుదము.