చేతిలో ఫోను, పెట్టెలో ఉత్తరం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



సెల్ ఫోను మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పటానికి నేను నిలబడలేదు. అది మన ఇళ్ళకు ఏం తెచ్చింది, ఏం తీసుకుపోయింది అన్న లెక్క మాత్రం చూద్దాం.

మా చిన్నతనంలో రేపల్లెలో మా నానీ కువైట్ నుంచి వచ్చే మామూ ఉత్తరం కోసం రోజుల తరబడి ఎదురుచూసేది. కాగితం పైన 786, కింద సలాము, తరువాత పేరుపేరునా అందరి ఖైరియత్. మక్తబ్‌లో నేర్చిన అక్షరాలతో కూడబలుక్కుంటూ చదివి, ట్రంకుపెట్టెలో దాచుకొనేది. తరువాత ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. రాత్రి రేటు తగ్గేదాకా వాటి ముందు కాచుకొని కూర్చున్నాం.

మన దేశంలో మొదటి సెల్ ఫోను మాట 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. అప్పట్లో మనకు వచ్చిన ఫోనుకు కూడా మనమే డబ్బు కట్టాలి. 2003లో ఆ భారం పోయింది. 2016 తరువాత డేటా చౌకయింది. ఇవాళ తెనాలిలో ఇచ్చిన కూతుర్ని బాపట్లలో ఉన్న తల్లి రోజూ కళ్ళారా చూస్తోంది. ఇది అల్లా దయ. కాదనేవాణ్ణి కాను.

కాని మొన్న మా వీధి కుర్రాడొకడు, ఇంగ్లీషు మీడియం పిల్లవాడు, ఒక పాత ఉత్తరం తెచ్చి, "సార్, మా దాదా రాసింది. ఇంట్లో ఎవరికీ చదవటం రాదు," అన్నాడు. చదివి వినిపించాను. "పిల్లల చదువు మాన్పించవద్దు, కావాలంటే నా గడియారం అమ్మండి," అని ఉంది. వాడు రెండోసారి చదివించుకున్నాడు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో కొడతాం. నేను ఉర్దూ మీడియం టీచర్ని. నా కూతురు అలాగే రాస్తుంది, నేనూ అలాగే జవాబిస్తాను. తప్పు నాది కూడా. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూకు రెండో అధికార భాష హోదా వచ్చింది. చట్టంలో చోటు దొరికినా, ఇంటి ఉత్తరంలో చోటు పోతే ఏం లాభం?

అదే ఫోనులో ఉర్దూ అక్షరాలూ ఉన్నాయి, తెలుగు అక్షరాలూ ఉన్నాయి. కనుక నా మనవి చిన్నది. ఆదివారం ఒక గంట సొసైటీలో పిల్లలనూ పెద్దలనూ కూర్చోబెడదాం. పిల్లలు పెద్దలకు ఫోను వాడకం, ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదన్న జాగ్రత్త నేర్పాలి. పెద్దలు పిల్లలకు అలిఫ్, బే నేర్పాలి. ప్రతి జుమ్మా నాడు ఇంట్లో పెద్దవారికి ఒక్క వాక్యమైనా ఉర్దూ అక్షరాల్లో పంపాలి. మొదటి వాక్యం ఈ రాత్రే నా కూతురికి నేను పంపుతాను.

శెలవు. ఖుదా హాఫిజ్.