మండీ ఎత్తేసి జీతానికి పోతే పరువు పోతుందా?

వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

సొంత వ్యాపారం చాలించి మళ్లీ కంపెనీ ఉద్యోగంలో చేరడం గురించి మాట్లాడమన్నారు. పీఎఫ్, జీతాల లెక్కలు చూసుకునే మనిషిని నేను. ధైర్యవచనాలు నా దగ్గర దొరకవు. ముందు నా కోపం కాస్త తీర్చుకోనివ్వండి.

తిరుపతిలో వ్యాపారం మాట ఎత్తితే చాలు, గల్లా రామచంద్రనాయుడు గారి కథ మొదలవుతుంది. పేటమిట్టలో పుట్టాడు, అమెరికాలో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి వచ్చాడు, 1985లో కరకంబాడి దగ్గర అమరరాజా పెట్టాడు. గొప్ప పనే, కాదని ఎవరన్నారు? కానీ అది ఉద్యోగం నుంచి వ్యాపారానికి పోయిన కథ. దాన్నే చెప్పుకొని చెప్పుకొని, అదే దారిలో ఎవరైనా ఎదురుగా వస్తుంటే ఓడిపోయి వస్తున్నాడని తీర్మానించేస్తాం. "ఏం సామీ, మండీ ఎత్తేసి జీతానికి చేరినావంట?" అని టీ కొట్టు దగ్గర పరామర్శ! ఇంతకీ పోయిందెవరు?

రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామను చూడండి. ఉద్యోగం మాని 2006లో కంపెనీ మొదలుపెట్టాడు, 2013లో ఇబిబోకు అమ్మేశాడు, 2018లో తెలంగాణ ప్రభుత్వం దగ్గర ఇన్నోవేషన్ అధికారిగా చేరాడు. ఆయన్ని ఎవరూ పరామర్శించలేదు. కోట్లకు అమ్మి ఉద్యోగంలో చేరితే సేవ, అప్పులు తీర్చుకొని చేరితే ఓటమి. ఇదేం లెక్కండీ?

ఇంకొకటి వినిపిస్తుంది, వ్యాపారం చేసినవాడు ఇంకొకరి కింద పనిచేయలేడని. పుక్కిటి పురాణం! 2025 తోతాపురి మామిడి సీజను మరిచిపోయారా? ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్నారు. అయినా గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరుస కట్టాయి. ఆ గేటు దగ్గర రాత్రంతా కాయతో కాచుకున్నవాడికి మేనేజరు మాట వినడం ఒక కష్టమా?

అసలు నష్టం పరువులో లేదు, కాగితంలో ఉంది. నన్నెరిగినవాళ్లు అప్పుడే నవ్వుతున్నారు, "మళ్లీ మొదలుపెట్టాడురా" అని. అవును, మొదలుపెడుతున్నా.

చిత్తూరు వైపు ఒకాయన, పేరు చెప్పను. ఆరేళ్లు ఒక కంపెనీలో చేసి, 2008లో మానేసి, మామిడి గుజ్జు ఏజెన్సీ పెట్టుకున్నాడు. మానేసేటప్పుడు పీఎఫ్‌తోపాటు పెన్షన్ ఖాతాలో ఉన్నదీ తీసేసుకున్నాడు. ఒక మోటార్‌సైకిల్ వచ్చింది. 2017లో, యాభయ్యో ఏట, శ్రీసిటీలో ఒక కంపెనీ కొనుగోళ్ల విభాగంలో చేరాడు. కాయ చూస్తే రసం ఎంత దిగుతుందో చెప్పే మనిషి, వాళ్లు కళ్లకద్దుకొని తీసుకున్నారు. నిరుడు 58 నిండి, పెన్షన్ ఎంతొస్తుందని నా దగ్గరికి వచ్చాడు. ఏమీ రాదు.

ఎందుకు రాదు? ఉద్యోగం మానేశాక పెన్షన్ డబ్బు కోసం నింపే 10-సి ఫారంలో రెండు దారులుంటాయి. పదేళ్లలోపు సర్వీసువాళ్లు పెన్షన్ డబ్బు చేతికి తీసుకోవచ్చు, లేదంటే స్కీమ్ సర్టిఫికెట్ అడగవచ్చు. సర్టిఫికెట్ అడిగి ఉంటే ఆ ఆరేళ్లు నిలిచేవి. కొత్త ఎనిమిదేళ్లు కలిస్తే పద్నాలుగు. పెన్షన్‌కు పదేళ్లు చాలు. పాత సర్వీసుకు 6,500, కొత్తదానికి 15,000 జీతం పరిమితితో వేస్తే నెలకు 2,200 పైచిలుకు. ముందు వరుసలో ఆయన "ఇంతేనా" అంటున్నారు. ఇంతే సార్, కానీ బతికినన్నాళ్లూ వస్తుంది, తరవాత భార్యకు అందులో సగం. ఆ మోటార్‌సైకిల్ ఎప్పుడో పాత ఇనుముకు పోయింది.

ఇంకో దెబ్బ ఉంది. 2014 సెప్టెంబరు 1 నుంచి, మూలవేతనం 15,000 దాటినవాడు కొత్తగా చేరితే పెన్షన్ పథకంలోకే తీసుకోరు. డబ్బు తీసేసుకున్నాడు కాబట్టి ఈయన కొత్తవాడే! కంపెనీ వాటా అంతా పీఎఫ్‌కే పోయింది, నిజమే. పెన్షన్ మాత్రం సున్నా. ఆ ఫారం నింపిచ్చినవాడు "సర్టిఫికెట్ ఎందుకు సార్, కాగితం" అన్నాడట. అట్లాంటివాళ్ల మీదే నా కోపమంతా.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. మిగతావి గబగబా చెప్పేస్తా. జీఎస్‌టీ రద్దు చేసుకుంటే అయిపోలేదు, మూడు నెలల్లో ఆఖరి రిటర్ను వేయాలి. సీటీసీ చూసి మురిసిపోకండి, అందులో కంపెనీ పీఎఫ్ వాటా, కొన్నిచోట్ల గ్రాట్యుటీ కూడా కలిపే రాస్తారు. ఇంటికొచ్చేది ఎంతో అడగండి. భార్య పేరుతో ఏజెన్సీ నడుపుతూ అదే సరుకు కొనే ఉద్యోగంలో చేరితే నియామక పత్రంలో చిక్కు ఉంటుంది, ముందే చెప్పేయండి. బయోడేటాలో ఆ ఏళ్లను ఖాళీగా వదలొద్దు. ఎవరికి ఏం సరఫరా చేశారో, ఎంత టర్నోవరో రాయండి. కుర్ర మేనేజరు కింద పనిచేయడం సంగతి అడుగుతారేమో, దానికి నా దగ్గర ఫారం లేదు.

ఈ ఏడాది ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టబోయేవాళ్లు ఈ హాల్లో ఉండే ఉంటారు. మీకే చెబుతున్నా. మళ్లీ జీతానికి రానని ఒట్టేసుకున్నా సరే, 10-సి లో స్కీమ్ సర్టిఫికెట్ దగ్గరే టిక్కు పెట్టండి.